పొర్దెనోనెలో మూకీల పండుగ

చలనచిత్రోత్సవ మనగానే ఎర్రని తివాచీ పరచిన మెట్లును, ఛాయాగ్రాహకుల దీపముల నడుమ నిలిచి నవ్వు తారలును, కడపటి దినమున పంచిపెట్టు బంగారు బొమ్మలును మన కన్నులకు కట్టును. వెనిస్ నగరపు లీదో ద్వీపమున 1932లో ఆరంభమై నేటికిని సాగుచున్న మహోత్సవమే ఈ వైభవమున కంతటికిని ఒరవడి పెట్టినది. ఆ వెనిస్ నుండి రైలుబండిలో గంటకు కొంచెము మించిన ప్రయాణముచే చేరదగిన పొర్దెనోనె అను పట్టణమున, ఏటేట శరత్కాలమున, వారము దినముల పాటు వేరొక తీరు ఉత్సవము జరుగును. అందు పోటీ లేదు. క్రొత్త చిత్రములను కొనుటకును అమ్ముటకును వచ్చిన వర్తకులు లేరు. తెరపై నవ్వుచు ఏడ్చుచు పరుగులెత్తు స్త్రీపురుషులలో నేడు జీవించియున్నవారు దాదాపుగా లేరు. మూగచిత్రములకు మాత్రమే అది నెలవు. ఇటాలియను భాషలో ‘లె జోర్నాతె దెల్ చీనెమా ముతో’ అని పిలువబడు ఈ ఉత్సవము 1982లో కొద్దిమంది మిత్రుల కూటముగా మొదలై, లోకమునందలి చిత్రభాండాగారముల వారును, చరిత్రకారులును, సంగీతజ్ఞులును తప్పక చేరు సభగా పెరిగినది. అది పెరిగిన విధము వెనిస్ పెరిగిన విధము కాదు. చూడకుండ వ్రాసిన చరిత్రను చూచి సరిదిద్దవలెనన్న పట్టుదలయే దాని ఎదుగుదలకు మూలమని నా విశ్వాసము.

ఆ కథకు నాంది మాత్రము ఒక మహావిపత్తు. 1976 మే 6వ తేదీ రాత్రి తొమ్మిది గంటల వేళ, ఆల్ప్స్ పర్వతముల పాదమున నున్న ఫ్రియూలి సీమలో భూమి కంపించెను. నిమిషమైనను పూర్తిగా నిండని ఆ కాలములో ఊళ్ళకు ఊళ్ళు నేలమట్టమై, దాదాపు వేయిమంది ప్రాణములు కోల్పోయిరి. కొండవాలున మధ్యయుగముల నుండి నిలిచిన జెమోనా పట్టణము అన్నిటికంటె ఎక్కువగా దెబ్బతినెను; అచ్చటి ప్రధానదేవాలయపు గంటగోపురము కూలిపోయెను. వేసవి యంతయు గుడారములలో గడపి, గోడలకు ఊతకఱ్ఱలు పెట్టుకొని, మరల బ్రదుకు దిద్దుకొనుచున్న జనులపై సెప్టెంబరులో భూమి రెండవమారు విరుచుకుపడెను. ఆ దినములలో జెనోవా నగరము నుండి ఆంజెలో హుమూదా అను చిత్రసేకరణకర్త, అమెరికా దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్ పేరిట తాను నెలకొల్పిన చిత్రశాల నుండి రీళ్ళును, ప్రొజెక్టరును వెంటబెట్టుకొని వచ్చి, గుడారముల నడుమ పిల్లలకును పెద్దలకును పాత చిత్రములు చూపెను. ఇల్లు కూలినవానికి కావలసినది కప్పు, కంబళి, రొట్టె గదా, బొమ్మల ఆట యెందుకని ప్రశ్నింపవచ్చును. కాని పగలంతయు శిథిలములను తవ్వి అలసిన మనుష్యుడు రాత్రి వేళ పదిమందితో కూర్చుండి ఒక్కమారు నవ్వగలిగినచో, ఆ నవ్వు మరునాటి పనికి కావలసిన బలములో భాగమే యగును. జెమోనా యువకులు ఈ సత్యమును గ్రంథములలో చదువలేదు, అనుభవించిరి.

వారిలో లీవియో యాకొబ్, పియేరా పాతత్ అను ఇరువురు, ఇంకను ఊరు లేచి నిలువకమునుపే, 1977లో చినెతేకా దెల్ ఫ్రియూలి అను చిత్రభాండాగారమును స్థాపించిరి. దేవాలయముల కుడ్యచిత్రములను, వ్రాతప్రతులను శిథిలముల నుండి ఏరి భద్రపరచుచున్న ఆ కాలములోనే, చలనచిత్రపు రీలు కూడ అట్లే భద్రపరుపదగిన వస్తువని తలచుట సామాన్యమైన ఊహ కాదు. ఆ మరుసటి సంవత్సరము పొర్దెనోనెలో చినెమాజెరో అను చిత్రప్రియుల సంఘ మొకటి వెలసెను. బట్టలుతుకు యంత్రములకును, శీతలపేటికలకును పేరొందిన ఆ కర్మాగారముల పట్టణమున, వ్యాపారచిత్రములు దొరకనీయని మంచి చిత్రములను చూపుట దాని సంకల్పము. జెమోనా వారి రీళ్ళును పొర్దెనోనె వారి సభాభవనమును కలిసినప్పుడు ఉత్సవము పుట్టెను.

ఆనాటికి మూకీల స్థితి యెట్టిదో చెప్పినగాని ఈ కలయిక విలువ తెలియదు. 1950లకు పూర్వము వాడుకలో నున్న ఫిల్మునకు నైట్రేట్ సెల్యులోసు ఆధారము. అది తుపాకిమందునకు సగోత్రము. అంటుకొన్నచో నీట ముంచినను ఆరదు. మంటబారి పడని రీలు కూడ చిరంజీవి కాదు. మొదట బొమ్మ వన్నె తగ్గి పసుపుపచ్చబారును. పిదప చుట్టలు ఒకదానికొకటి జిగురుగా అంటుకొనును. పైని బుడగలు లేచి గోధుమవన్నె నురుగు కట్టును. కడకు డబ్బా మూత తీసి చూచువానికి ఘాటైన వాసనతో పాటు పిడికెడు పొడి మాత్రమే మిగిలియుండును. ఇది ప్రకృతి చేసిన నాశనము. టాకీ వచ్చిన తరువాత పాత రీళ్ళు స్థలము దండుగ యని తగులబెట్టినవారును, అందలి వెండి కొరకు కరగించినవారును మనుష్యులే. మిగిలిన వాటిని భాండాగారములు ఇనుపగదులలో దాచెను గాని, చూపుట అరుదు. కావున చరిత్రకారులు ఒకరి మాట నొకరు అప్పు తీసికొని, పసితనములో నున్న మోటు కళయని మొదటి ఇరువది యేండ్ల చిత్రములను నాలుగు వాక్యములలో తేల్చివేయుచుండిరి. 1978లో ఇంగ్లండు సముద్రతీరమున బ్రైటను పట్టణమున అంతర్జాతీయ చిత్రభాండాగారముల సమాఖ్య సమావేశమైనప్పుడు, 1900 మొదలు 1906 వరకు తీసిన కథాచిత్రములను వందలకొలదిగా ఒక్కచోట వేసి చూచిరి. చూచినవారు తాము అంతవరకు చదివినదానిని సందేహింప మొదలిడిరి. బ్రైటనులో ఒక్కమారు జరిగినదానిని ఏటేట జరుపవలెనన్న కోరికకు పొర్దెనోనె చోటిచ్చెను.

1982 సెప్టెంబరులో జరిగిన తొలి ఉత్సవము మాక్స్ లిండర్ అను ఫ్రెంచి హాస్యనటుని చిత్రములకు మాత్రమే పరిమితము. పొడవాటి పట్టుటోపీ, చేతికఱ్ఱ, నాజూకైన మీసము, పెద్దమనిషి తరహా గల ఈ నటుడు మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము లోకమంతట ఎరుగబడినవాడు. చాప్లిన్ అంతటివాడు తన గురువని చెప్పుకొన్నవాడు. 1925లో మృతినొంది, తరువాతి తరము వారిచే మరువబడినవాడు. అట్టివానితో ఆరంభించుట యందే నిర్వాహకుల మనస్సు తెలియుచున్నది. వచ్చిన అతిథులు కొద్దిమందియే. ఆ కొద్దిమందియు చిత్రముల ముందర కూర్చుండి చూచి, భోజనశాలలో వాదించుకొని, మరునాడు మరల చూచిరి. దావీదె తుర్కోని వంటి పెద్ద చరిత్రకారుడు ఈ యువకులకు వెన్నుదన్నుగా నిలిచెను. ఫ్రెంచి చరిత్రకారుడు ఝాన్ మిత్రీ పేరిట 1986 నుండి ఒక పురస్కారము ఏర్పడెను. అది నటులకు గాని దర్శకులకు గాని కాక, చిత్రములను కాపాడినవారికిని వాటి చరిత్రను శోధించినవారికిని ఇయ్యబడుచున్నది. రీళ్ళు తుడిచి అతుకువారిని వేదికపైకి పిలిచి సత్కరించుట నాకు మిక్కిలి ఉచితముగా తోచును.

తరువాతి యేండ్లలో ఉత్సవము ఏటికొక ప్రధాన విషయమును ఎన్నుకొని, దానిని అడుగంట చూపు పద్ధతిని అవలంబించెను. ఒక ఏడు స్కాండినేవియా చిత్రములు, మరొక ఏడు అమెరికాలోని వైటాగ్రాఫ్ సంస్థ చిత్రములు. వాటితో పాటు గ్రంథములు. వీటన్నిటిలోను 1989వ సంవత్సరపు ఉత్సవము గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. రష్యా దేశపు చలనచిత్రము అక్టోబరు విప్లవముతోనే పుట్టినదనియు, అంతకుముందటిది జమీందారుల కాలక్షేపమనియు సోవియట్ గ్రంథములు చెప్పుచుండగా, లోకము దానినే నమ్మియుండెను. విప్లవమునకు పూర్వపు చిత్రములు మాస్కో సమీపమున గల భాండాగారములో దశాబ్దములుగా పడియుండెను. యూరి త్సివ్యాన్ మొదలైన పరిశోధకుల కృషివలన 1908 మొదలు 1919 వరకు నిర్మింపబడిన ఆ రష్యను చిత్రములు పొర్దెనోనె తెరపైకి వచ్చెను. యెవ్‌గేని బావర్ అను దర్శకుని చిత్రములను సభికులు అప్పుడు చూచిరి. అందలి విశాలమైన గదులు, స్తంభములు, యవనికల వెనుకనుండి జారు వెలుగు, నటులు తొందరపడక మౌనముగా నిలిచి దుఃఖమును ముఖమున పలికించు తీరు, సుఖాంతమును ఒల్లక మరణముతో ముగియు కథలు, ఇవన్నియు అమెరికా చిత్రముల వేగమునకు అలవడిన కన్నులకు అపూర్వముగా నుండెను. 1917లోనే మరణించి, స్వదేశపు చరిత్రలో స్థానము లేక పడియున్న ఒక కళాకారుడు వారము దినములలో ప్రపంచ చలనచిత్ర దర్శకుల మొదటి వరుసలోనికి వచ్చి కూర్చుండెను. కొద్ది వారములకే బెర్లిన్ గోడ కూలినది. ఆ మహాఘటనతో దీనికి పోలిక లేదు గాని, మూసిన తలుపులు తెరుచుకొను కాలపు గాలి రెంటను వీచినదని చెప్పవచ్చును. మరుసటి యేడు జర్మనీ చిత్రముల వంతు వచ్చెను. 1920 నాటి ‘కాలిగారి’ చిత్రముతోనే జర్మను కళ ఆరంభమైనదన్న నమ్మకము, అంతకు పూర్వపు చిత్రములను చూచినంతనే సడలిపోయెను.

ఇట్టి పరిశోధనలన్నియు పండితుల చర్చలుగా ఎండిపోక పండుగగా నిలుచుటకు కారణము సంగీతము. మూగచిత్రము నిశ్శబ్దముగా ప్రదర్శింపబడుట అరుదు. మన దేశమునందు తెర ప్రక్కన హార్మోనియము, తబలా వాయించెడివారు. తెరపై పడు వ్రాతను చదువలేని ప్రేక్షకులకు కథను బిగ్గరగా చెప్పెడి వాచకులును ఉండెడివారు. జపానులో ‘బెన్షీ’ యను కథకులు తారలకంటె గొప్ప పేరు గడించిరి. వారి పరంపరకు చెందిన కథకులు పొర్దెనోనెకును వచ్చి చెప్పిరి. ఈ ఉత్సవములో దాదాపు ప్రతి ప్రదర్శనకును ఒక సంగీతజ్ఞుడు తెర క్రింద పియానో ముందర కూర్చుండి ప్రత్యక్షముగా వాయించును. ఆయన చేతిలో వ్రాసిన స్వరము ఉండకపోవచ్చును. చిత్రమును సభికులతో పాటు ఆయనయు ఆనాడే తొలిసారి చూచుచుండవచ్చును. కన్నులు తెరపై, వ్రేళ్ళు మెట్లపై ఉంచి, తలుపు తెరుచుకొనక ముందే తలుపు వెనుక నున్న అపాయమును పసిగట్టి, విషాదఘట్టమున చేయి తేల్చి, పరుగుపందెమున వేగము హెచ్చించి, నాయిక కన్నెత్తి చూచిన క్షణమున పూర్తిగా ఆగిపోగలుగుట సామాన్య సాధన కాదు. పల్లవిని అందుకొని మనోధర్మము చూపు మన విద్వాంసులు ఈ కష్టమును సులభముగా గ్రహింపగలరు. 2003 మొదలు యువ సంగీతజ్ఞులకు ఈ విద్యను నేర్పు తరగతులు ఉత్సవములోనే జరుగుచున్నవి. ప్రదర్శనశాల పైభాగమున ప్రొజెక్టరు నడుపువాని పనియు అంత సున్నితమైనదే. టాకీ సెకనునకు 24 బొమ్మల లెక్కన నడచును. మూకీలు పదునారు, పదునెనిమిది, ఇరువది ఇట్లు రకరకముల వేగముతో తీయబడినవి. అన్నిటిని టాకీ వేగముతో వేయుటచేతనే పాత చిత్రములలో మనుష్యులు గంతులు వేయుచున్నట్లు కనిపించి, మన తండ్రులకును మనకును నవ్వు పుట్టించినది. తగిన వేగముతో వేసినచో వారు మనవలెనే నడతురు.

ఉత్సవము పెరుగుట వలన కష్టములును వచ్చినవి. దానికి ఆశ్రయమైన వేర్ది రంగశాలను పడగొట్టి క్రొత్తది కట్ట నిశ్చయించుటచే, 1999 నుండి 2006 వరకు లివెంజా నది యొడ్డున నున్న సచీలె అను పొరుగూరిలో, జన్‌కనారో రంగశాలలో అది తల దాచుకొనవలసివచ్చెను. ఊరు మారినచో ఉత్సవము చెదరునని భయపడినవారు లేకపోలేదు. కాని ఇరుకు వీధులును, వంతెనలును గల ఆ చిన్న యూరిలో అతిథులు ఒకరికొకరు మరింత దగ్గరైరి. 2007లో ఉత్సవము పొర్దెనోనెకు, నూతన వేర్ది శాలకు తిరిగివచ్చెను. ఈ వలసకాలమంతయు ఒక మహాకార్యము విడువక నడచుచుండుట గమనింపదగినది. 1997లో మొదలిడి పండ్రెండేండ్లపాటు, డి.డబ్ల్యు. గ్రిఫిత్ చిత్రములలో లభించిన ప్రతి దానిని, అతడు బయోగ్రాఫ్ సంస్థకు తీసిన నాలుగువందలకు పైబడిన లఘుచిత్రములతో సహా, కాలక్రమమున ప్రదర్శించిరి. పావ్లో కెర్కి ఉసాయి సంపాదకత్వమున పండ్రెండు సంపుటములు వెలువడెను. ఒక కళాకారుని అభ్యాసమును వారము వారము పెరుగుట చూచినట్లు చూపిన ఇంతటి ఓపిక వేరొక ఉత్సవమున నే నెరుగను. ఆ కాలమున ఆంగ్లేయ విమర్శకుడు డేవిడ్ రాబిన్సన్ 1997 మొదలు 2015 వరకు సంచాలకుడుగా నుండి, విద్వత్తునకు వినోదమును జోడించి దీనిని నడపెను. 2016లో జే వైస్‌బర్గ్ ఆ బాధ్యతను స్వీకరించెను. వేయిమందికి చేరువగా అతిథులు వచ్చు కాలమునను, దాదాపు అందరును ఒకే శాలలో కూర్చుండి ఒకే చిత్రమును చూచు ఆచారము మారలేదు. ఉదయము తొమ్మిదింటికి తలుపు తెరచినది మొదలు నడిరాత్రి వరకు ఆ కుర్చీలే వారికి ఇల్లు. 2020లో మహమ్మారి వలన శాల మూతబడినప్పుడు చిత్రములు అంతర్జాలము ద్వారా ఇండ్లకు పంపబడెను. దూరదేశముల వారికి అది లాభమే యైనను, ప్రక్కవాని ఊపిరి వినబడని చోట మూకీ సగమే మిగులునని నా భావము.

భారతదేశమునకు ఈ తెరపై చోటు దొరకినది 1994లో. పూనాలోని జాతీయ చలనచిత్ర భాండాగారము సహాయముతో మన మూకీలు అచ్చటికి వెళ్ళెను. సురేశ్ ఛాబ్రియా సంపాదకత్వమున 1912 మొదలు 1934 వరకు గల భారతీయ మూకీల చరిత్ర గ్రంథరూపమున వెలువడెను. మన మూకీలను గూర్చి శ్రద్ధతో కూర్చిన ఆ గ్రంథము పుట్టుటకు ఇటలీలోని ఒక చిన్న పట్టణపు ఉత్సవము నిమిత్తము కావలసివచ్చినది. దేశమున 1300 వరకు మూకీలు తయారైనవని అంచనా. మిగిలినవి, తునకలతో కూడ కలిపి, ముప్పదికి మించవు. ఫాల్కే తన చిన్న కూతురు మందాకినిచేత కృష్ణుని వేషము వేయించి 1919లో తీసిన ‘కాళీయ మర్దన్’, హిమాంశు రాయ్ బవేరియా దర్శకుడు ఫ్రాన్జ్ ఓస్టెన్‌తో కలిసి 1925లో నిర్మించిన బుద్ధచరిత్రము మన అదృష్టవశమున నిలిచినవి. తెలుగువాని పాలికి ఆ అదృష్టము లేదు. మచిలీపట్టణమున పుట్టి, మద్రాసున ఛాయాచిత్రశాల నడపి, క్రోనోమెగాఫోను యంత్రము తెప్పించి ఊరూర బొమ్మలు చూపి, బర్మా సింహళముల వరకు పర్యటించిన రఘుపతి వెంకయ్య, తన కుమారుడు ప్రకాశ్‌ను విదేశములకు పంపి ఈ విద్య నేర్పించెను. ఆ తండ్రికొడుకులు 1921లో తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’ నేడు లభ్యము కాదు. వెంకయ్య పేరిట బహుమానము కలదు, విగ్రహము కలదు. ఆయన చూపిన బొమ్మ మాత్రము లేదు.

అయినను పోయినదని నిర్ణయించినది దొరకుట అసంభవము కాదనుటకు పొర్దెనోనెయే సాక్షి. అమెరికా దర్శకుడు ఆర్సన్ వెల్స్ 1938లో ఒక నాటకప్రదర్శనకు తోడుగా తీసిన ‘టూ మచ్ జాన్సన్’ అను మూగచిత్రపు రీళ్ళు 1970లో స్పెయిను దేశములోని ఆయన ఇంట అగ్నికి ఆహుతియైనవని అందరును నమ్మియుండగా, అవి పొర్దెనోనెలోని ఒక గిడ్డంగిలో చినెమాజెరో వారికి దొరకినవి. శుభ్రపరుపబడి 2013 అక్టోబరులో అదే యూరి తెరపై మొదటిమారు చూపబడినవి. మన దక్షిణదేశమున ‘మార్తాండవర్మ’ చిత్రపు కథ అంతకంటె చిత్రమైనది. 1930ల ఆరంభమున తయారైన ఆ మూకీ, దానికి మూలమైన నవల హక్కులను గూర్చిన వ్యాజ్యమున చిక్కి, ప్రదర్శన నిలిచిపోయి, రీళ్ళు తిరువనంతపురపు ప్రచురణకర్తల వశమై, పుస్తకముల నడుమ దశాబ్దములు పడియుండి, 1974లో పూనా భాండాగారమునకు చెందిన పి.కె. నాయర్ కృషిచే అచ్చటికి చేరెను. వ్యాజ్యమున ఓడిన చిత్రము మిగిలినది. ఊరూర ఆడి జనులను మెప్పించిన చిత్రములు అరిగి, విరిగి, నశించినవి. కృష్ణా గోదావరీ మండలములలోను, మద్రాసు పాత వీధులలోను, టూరింగు టాకీసులు నడపినవారి ఇండ్ల అటకలపై త్రుప్పుపట్టిన డబ్బా లింకను ఉండవచ్చును. అట్టిది ఎవరికైనను చిక్కినచో దీపము దగ్గర మూత తీయరాదు, ఎండలో నుంచరాదు, పాతసామాను వానికి తూకమునకు ఈయరాదు; ఇంటికి దూరముగా చల్లని నీడపట్టున పెట్టి, పూనాలోని భాండాగారమునకు వెంటనే కబురు చేయవలెను.